ఎడమ చేతి వాచీ

జూన్ 3

బావకు నమస్కారాలు.

మొన్న ఫోనులో "ఇక నీతో మాట్లాడను" అని పెట్టేశావు. రాయనని మాత్రం అనలేదు. ఆ సందులోంచే దూరి ఈ ఉత్తరం రాస్తున్నాను. దీన్ని అక్క చేత చదివించుకోకు, నువ్వే చదువు. ఆవిడ చదివితే మధ్యమధ్యలో సొంత వ్యాఖ్యానం కలిపేస్తుంది. చిన్నప్పటి నుంచీ నా ఉత్తరాలకీ నా మార్కులకీ ఆవిడదే వ్యాఖ్యానం.

ఇంతకీ నేను చేసిన నేరం ఏమిటి? ఒక వాచీ కొన్నాను. నువ్వు ధర అడిగావు, చెప్పాను. లైను పోయిందేమోనని "హలో, హలో" అన్నాను. అప్పుడు నువ్వు, "ఆ డబ్బుకి స్కూటరొస్తుంది కదరా, దానిమీద కూర్చుని దారిన పోయేవాణ్ణి టైమెంతని అడిగితే సరిపోయేది" అన్నావు. నేను నీ వాచీని ప్లాస్టిక్ ముక్క అన్నాను. నువ్వు నా బుర్రని ఏమన్నావో కాగితం మీద పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

ఇప్పుడు నిదానంగా చెప్తాను, విను. ఇది సెల్లుతో నడిచేది కాదు. కీ ఇచ్చే పనీ లేదు. లోపల సగం చందమామలా ఒక బిళ్ళ ఉంటుంది. మనం చెయ్యి కదిపినప్పుడల్లా అది గిర్రున తిరిగి స్ప్రింగును బిగిస్తుంది. మన కదలికే దానికి తిండి. "మీరు కదులుతున్నంత కాలం ఇది నడుస్తుంది సార్" అన్నాడు దుకాణంవాడు. ఆ ఒక్క మాటకే పడిపోయాను బావా. నేను ఆ దుకాణానికి వెళ్ళింది పాత వాచీకి బెల్టు మార్పించడానికి.

ఆ బిళ్ళ తిరగడం కనపడాలని వెనకవైపు గాజు మూత పెట్టారు. చేతికి పెట్టుకున్నాక ఆ వైపు చర్మానికి ఆనుకుని ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. మా ఆవిడ, అదే నీ చెల్లెమ్మ, ఒకటే ప్రశ్న వేసింది. "ఆ అందమంతా నీ చేతి వెంట్రుకలు చూసుకోవడానికా?" అంది.

ఇక నువ్వు ఎలాగూ అడుగుతావు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. ఆసుపత్రిలో నాది ఎమ్మారై స్కానింగు గది. అందులో ఉన్న మిషను ఒక పెద్ద అయస్కాంతం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను చేసే ఉద్యోగం, వచ్చిన ప్రతి మనిషితోనూ "ఉంగరాలు, గొలుసులు, వాచీ తీసేయండి" అనడం. అలాంటివాణ్ణి వాచీ పెట్టుకుని ఎలా తిరుగుతాను? రాగానే తీసి లాకర్లో పెడతాను. సెలవుకి ముందు రోజు అక్కడే మర్చిపోయానా, తిరిగి వచ్చేసరికి ఆగిపోయి ఉంటుంది. క్యాంటీన్లో గోడ గడియారం చూసి మళ్ళీ సరిచేసుకుంటాను. ఆ గోడ గడియారం సబ్బుల కంపెనీవాడు ఊరికే ఇచ్చినది.

అయినా సరే, ఇది పెట్టిన ఖరీదుకి తగిన వస్తువేనని నా వాదన. ఎందుకో నాకే ఇంకా తెలియలేదు. తెలిశాక రాస్తాను.

బుర్ర గురించి నువ్వన్నది నిజమేనేమోనని అప్పుడప్పుడూ అనుకునే,
నీ బామ్మర్ది


జూన్ 11

ఒరేయ్ బామ్మర్దీ,

ఆశీస్సులు. మాట్లాడనన్నాను కాబట్టి రాస్తున్నాను. నేను మాట మీద నిలబడే మనిషిని. నీ ఉత్తరం నేనే చదివాను. తర్వాత మీ అక్క కూడా చదివింది. వ్యాఖ్యానం నాలుగు పేజీలు వస్తుంది, నీకు తపాలా ఖర్చు ఆదా చేస్తున్నాను.

వాచీల గురించి నాకు తెలీదనుకోకు. బోర్డులు రాసే వాణ్ణి, ఎన్ని వాచీ దుకాణాలకి రాశానో! ప్రతి బోర్డు మీదా ఒక వాచీ బొమ్మ వేసి ముళ్ళు పదీ పది దగ్గర పెట్టేవాణ్ణి. అప్పుడు వాచీ నవ్వుతున్నట్టుంటుంది, పేరు మీదికి ముల్లు రాదు. నాకు తెలిసినంతలో ఖరీదైన వాచీ అందంగా ఉండేది ఆ ఒక్క సమయంలోనే. రోజుకి రెండుసార్లు. మిగతా రోజంతా నీకు నష్టమే.

నా ప్లాస్టిక్ ముక్క మాటకొస్తే, బ్రష్షులు కడిగే కిరసనాయిలు డబ్బాలో రెండుసార్లు పడింది. అద్దం మీద ఎర్ర ఎనామిలు చుక్క ఉంది, సరిగ్గా తొమ్మిది దగ్గర. అందుకని తొమ్మిదింటికి రమ్మన్నవాళ్ళ దగ్గరికి నేను ఎప్పుడూ ఆలస్యంగానే వెళ్తాను. అది కింద పడితే తీసి తుడుచుకుంటాను. నీది కింద పడితే నిన్ను కూడా లేపాల్సి వస్తుంది.

ఈమధ్య అది కూడా తీసేశాలే. ఎడమ చేతికి ఉంటే ఊరికే బల్లకీ గోడకీ తగులుకుంటోంది. ఏ వాచీ లేకుండా ఎంత హాయిగా ఉందో! కుడిచేతి చొక్కా గుండీ మాత్రం ఎడమ చేత్తో పెట్టుకోవడం కుదరక మీ అక్క పెడుతోంది. పెళ్ళయిన కొత్తలో కూడా పెట్టని మనిషి ఇప్పుడు పెడుతోంది, అదీ తిడుతూ.

ఒక మంచి కబురు. గ్రంథాలయం వాళ్ళు ముందు గోడ మీద పేరు చేత్తో రాయమన్నారు. ఒక్కో అక్షరం నా నడుమెత్తు. ఫ్లెక్సీలొచ్చాక ఇంత పెద్ద పనికి నన్ను పిలిచినవాళ్ళు లేరు. ఇది కుదిరితే లోపల గదుల పేర్లన్నీ నాకే ఇస్తారు. కుదరకపోతే వాళ్ళూ మిషనువాడి దగ్గరికే పోతారు, నేను బ్రష్షులు కడిగి దాచుకోవడమే. మొదటి అక్షరానికే గీత వంకర పోయిందిరా. ఎడమ చేత్తో ఒక కర్ర పట్టుకుని, దానిమీద కుడిచెయ్యి ఆనించి రాస్తాను చూడు, ఆ కర్ర జారింది. పాతదైపోయింది, కొత్తది కొనాలి. నీ వాచీ అంత ఉండదులే.

ఆ వాచీ దుకాణంవాడికి తిరిగిచ్చేశాక ఫోను చెయ్యి.

మీ అక్కని ఇంకా భరిస్తున్న,
బావ


జూన్ 20

బావకు నమస్కారాలు.

నా మీద కోపంతో నీ వాచీ కూడా తీసేసి "హాయిగా ఉంది" అని రాయడం చూశాను. ఆ ఎత్తిపొడుపు నాకు అర్థమైంది. అర్థమైందని నీకు తెలియాలనే రాస్తున్నాను.

ఇక్కడ నా పరువు పోయింది. నువ్వు సంతోషిస్తావని తెలిసీ చెప్తున్నాను. మొన్న ఒక పెద్దావిడని స్కానింగు బల్ల మీద పడుకోబెట్టాను. చెవి కమ్మలు, జడ పిన్నులు, కళ్ళజోడు అన్నీ తీయించాను. "ఇనుము, ఇత్తడి, ఏమీ లేవు కదమ్మా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాను. ఆవిడ నా చేతి వంక చూసి, "నా దగ్గర లేవు నాయనా, మరి నీదెవరు తీస్తారు?" అంది. అప్పుడు తెలిసింది, నా చేతిని ఎవరో మెల్లగా లాగుతున్నారని. ఎవరో కాదు, మిషను. నేను వాచీతోనే లోపలికొచ్చాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరూ చేయని పని, ఇంకెవరూ చేయకుండా చూడాల్సినవాణ్ణి నేను చేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. మా పెద్దాయన మాత్రం సంజాయిషీ రాసిమ్మన్నారు.

ఆ రోజు నుంచి వాచీ పరుగెత్తడం మొదలుపెట్టింది. లోపలి స్ప్రింగుకి అయస్కాంతం పట్టిందట. మర్నాడు దాన్ని నమ్ముకుని ఎంత తొందరగా ఆసుపత్రికి వెళ్ళానంటే, కొత్త కాపలాదారు నన్ను పేషెంటనుకుని బెంచీ మీద కూర్చోబెట్టాడు. దుకాణానికి తీసుకెళ్తే ఏదో చిన్న పెట్టె మీద పెట్టి మీట నొక్కి ఇచ్చేశాడు. బాగైపోయింది, డబ్బు కూడా పుచ్చుకోలేదు. అంత పోసి కొన్న వస్తువుని అంత తేలిగ్గా బాగుచేసేసరికి నాకు చిన్నతనంగా అనిపించింది.

అందుకని పందెం. వాచీని పార్సిల్లో నీకు పంపుతున్నాను. నా చేతికుంటే దానికీ సుఖం లేదు, నాకూ లేదు. నెల రోజులు నువ్వు పెట్టుకో. ఎడమ చేతికే, పద్ధతిగా. ఎనామిలు పూయకు. నెలలో అది ఒక్కసారి ఆగినా దాన్ని అమ్మేసి స్కూటరు కొంటాను. ఆగకుండా నడిస్తే, "ఇది ఖరీదుకు తగిన వాచీ" అని నువ్వు పెద్ద బోర్డు రాసి పంపాలి. దాన్ని మా హాల్లో తగిలిస్తాను. అప్పుడే ఫోను.

పరువు పోయినా పట్టుదల పోని,
నీ బామ్మర్ది


జూన్ 30

ఒరేయ్ బామ్మర్దీ,

స్కూటరు ఏ రంగు తీసుకుంటావు?

ఆగిపోయిందిరా. మూడో రోజు పొద్దున లేచి చూస్తే చచ్చి పడుంది. ఊపితే లేచింది. మళ్ళీ రెండు రోజులకి ఆగింది. ఎవరితో చెప్పుకోను? ఆ రెండు రోజులూ నేను ఎంత గొప్పగా బతికానో నీకు తెలీదు. పెయింట్ల కొట్లో చొక్కా చెయ్యి పైకి లాగి మరీ టైము చూసుకున్నాను. కొట్టువాడు వాచీని చూసి, "ఇకమీదట మీకు తగ్గింపు ఎందుకులెండి" అన్నాడు. నీ వాచీ నాకు తెచ్చిపెట్టిన లాభం అదీ.

స్నానానికి తప్ప చేతినుంచి తీయలేదు. ఎడమ చేతికే పెట్టాను, పద్ధతిగా. అది పెట్టుకున్నాక నా నడక మారిందని మీ అక్క గోల. ఎడమ చెయ్యి ఊపకుండా, పెయింటు డబ్బా మోస్తున్నట్టు ఒంటికి ఆనించుకుని నడుస్తున్నానట. "ఏం, ఊపితే వాచీ ఒలికిపోతుందా?" అని వీధిలో అందరి ముందూ అడిగింది.

కొత్త కర్ర కొన్నాను. గోడ పని వచ్చే వారం మళ్ళీ మొదలుపెడతాను. మొదటిసారి రాసింది తుడిచేశాం.

పందెం గెలిచి కాలరెగరేస్తున్న,
బావ


జూలై 7

బావా,

నమస్కారం. ఇది చిన్న ఉత్తరం.

నా దగ్గరున్నప్పుడు పగలంతా లాకర్లో పడుకుని కూడా అది వారమంతా నడిచేది. నీ చేతిమీద రెండు మూడు రోజులకే ఆగిందంటే ఒకటే అర్థం. నువ్వు దాన్ని పెట్టుకోలేదు. పెయింట్ల కొట్టువాడికి చూపించి, ఇంటికొచ్చి బీరువాలో పెట్టేశావు. మనిషి చేతికి ఉన్న వాచీ ఆగదు. ఆ మాట దుకాణంవాడు చెప్పాడు, కంపెనీవాడు కాగితం మీద రాశాడు, నేను చూశాను.

పందెం గెలవాలంటే గెలువు. స్కూటరు కొనమంటే కొంటాను. మాట మీద నిలబడే మనిషిని అని మాత్రం రాయకు.

బామ్మర్ది


జూలై 18

బామ్మర్దీ,

నన్ను చాలామంది చాలా అన్నారు. బోర్డు మీద పేరు తప్పు రాశానన్నారు, బొమ్మలో దేవకన్యకి మీసాలొచ్చాయన్నారు. అబద్ధాలకోరు అని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ పుణ్యం నువ్వు కట్టుకున్నావు. అన్నం ముందు కూర్చుని నీ ఉత్తరం చదివాను, సయించక లేచిపోయాను.

అప్పుడు మీ అక్క పంచాయతీకి కూర్చుంది. "ఇలా ఇవ్వండి, నేను చూస్తాను" అని వాచీ తన చేతికి పెట్టుకుంది. వారం రోజులు అది ఆవిడ చేతిమీదే గిన్నెలు తోమింది, బట్టలు ఉతికింది, నన్ను తిట్టింది. ఒక్కసారి కూడా ఆగలేదు. వారం తిరిగాక తీర్పు చెప్పింది. "ఈ ఇంట్లో పని ఎవరు చేస్తున్నారో, ఊరికే ఎవరు కూర్చుంటున్నారో ఈ వాచీకి తెలుసు. తమ్ముడు మంచి వస్తువే కొన్నాడు" అంది. వాచీ కూడా అక్కాతమ్ముళ్ళ పార్టీయే. నా గాలి పూర్తిగా తీసేశారు.

నవ్వు వచ్చేది ఇంతవరకే. గోడ మీద రెండోసారి రాసింది కూడా తుడిపించేశాను. కొత్త కర్ర కూడా జారుతోందిరా. పాత కర్ర మీద నెట్టేయడానికి కూడా లేకుండా పోయింది. జారుతున్నది కర్ర కాదేమో, నేనేమో. గ్రంథాలయం వాళ్ళు మంచివాళ్ళు, తొందర లేదన్నారు. అంత మంచిగా చెప్తుంటే ఇంకా భయమేసింది. నిచ్చెన దిగి ఆ ఖాళీ గోడ చూశాను. గీత గీయలేకపోతే నేనెవర్ని? నాకు ఇంకేం పని వచ్చు?

ఎవరితోనూ అనలేదు. నువ్వు ఎలాగూ నన్ను నమ్మవు కాబట్టి నీకు రాస్తున్నాను.

బావ

తమ్ముడూ, కింద జాగా ఉంది కాబట్టి రాస్తున్నాను. మీ బావ అబద్ధం చెప్పలేదు. వాచీ చేతినుంచి తీయలేదు, నేను చూస్తూనే ఉన్నాను. ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కూర్చున్నట్టే ఉంటారు. పందేలు కట్టిపెట్టండి, ఇద్దరికీ వయసొచ్చింది. అక్క.


జూలై 22

బావా,

నన్ను క్షమించు. కాళ్ళు పట్టుకుందామంటే దూరంగా ఉన్నావు. ఒక వాచీ కంపెనీ కాగితాన్ని నమ్మి నిన్ను నమ్మలేదు. అక్క రాసిన నాలుగు ముక్కలూ మళ్ళీ మళ్ళీ చదివాను.

ఒక్క పని చెయ్యి. ఎందుకని అడగకు. వాచీని ఒక వారం కుడిచేతికి పెట్టుకో. తర్వాత వారం ఎడమ చేతికి పెట్టుకో. మామూలుగానే తిరుగు, దానికోసం చెయ్యి ప్రత్యేకంగా ఊపకు. ఏం జరిగిందో రాయి.

ఇది పందెం కోసం కాదు. పందెం నువ్వే గెలిచావు, స్కూటరు నీకు నచ్చిన రంగే కొంటాను.

సిగ్గుతో,
నీ బామ్మర్ది


ఆగస్టు 8

ఒరేయ్,

క్షమించానులే. నువ్వు కాళ్ళు పట్టుకుంటే నేను పడిపోతాను, వద్దు.

కానీ ఇదేం పరీక్షరా? కుడిచేతికి పెట్టు, ఎడమ చేతికి పెట్టు అని! ఇంకా నా మీద అనుమానం పోలేదని మీ అక్కతో అన్నాను. "వాడు చెప్పాడుగా, చెయ్యండి" అంది. చేశాను. కుడిచేతి మీద వారమంతా నడిచింది. బ్రష్షు పట్టే చెయ్యి కదా, ఎనామిలు తగలకుండా రుమాలు చుట్టుకుని పనిచేశాను. పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టుంది. తర్వాత ఎడమ చేతికి మార్చాను. మళ్ళీ ఆగింది.

వాచీలకి కూడా కుడి ఎడమల పట్టింపు ఉంటుందా? ఎడమ చేతికి పెట్టుకోవాలనే కదా వాటిని చేసేది? నీకు ఎవడో పనికిరాని సరుకు అంటగట్టాడు. వెళ్ళి గట్టిగా అడుగు.

బావ


ఆగస్టు 13

బావా,

వాచీలో ఏ లోపమూ లేదు.

ఈ ఉత్తరం అందగానే బయల్దేరి రా. అక్కని కూడా తీసుకురా. నాలుగు రోజులుండేలా రండి. నీతో పనుంది. మిగతాది రాయలేను. వస్తే చెప్తాను. వాచీ ఎడమ చేతికే పెట్టుకుని రా.

నీ బామ్మర్ది


ఆగస్టు 30

ఒరేయ్ బామ్మర్దీ,

క్షేమంగా ఇల్లు చేరాం. చెల్లెమ్మ కట్టిచ్చిన భోజనం రైల్లో సగం మేం తిన్నాం, సగం పక్క సీటాయన తిన్నాడు.

నీ ఉత్తరం చూసి మేం ఏమనుకున్నామో అక్కడ చెప్పలేదు. నీ ఉద్యోగం పోయిందనుకున్నాం. వాచీతో మిషను దగ్గరికి వెళ్ళావు కదా, సంజాయిషీ అడిగారు కదా, ఇప్పుడు పీకేశారని మీ అక్క ఏడుపు. దారి పొడుగునా నీకు ధైర్యం చెప్పడానికి మాటలు కూడగట్టుకున్నాను. "పోతే పోయింది, నాతో వచ్చెయ్, నిచ్చెన పట్టుకునేవాడు నాకూ కావాలి" అని మొదలుపెడదామనుకున్నాను. ఎంత బాగా తయారు చేసుకున్నానో! అంతా వృథా అయిపోయింది. రైలు దిగి వస్తుంటే నువ్వు నా మొహం చూడలేదు. నా నడక చూస్తున్నావు.

తర్వాత నీ స్కానింగు గది ముందు, నా పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి నన్ను "మీరు" అన్నావు. "వాచీ తీసేయండి" అన్నావు. అలవాటు కొద్దీ అన్నావని తెలుసు. నీ వాచీ తీసి నీకే ఇచ్చాను. నువ్వు దాన్ని జేబులో వేసుకుని లోపలికి నడిచావు. "ఒరేయ్!" అని నేను అరవకపోతే రెండో సంజాయిషీ రాసేవాడివి. ఆ మిషనులో పడుకున్నంతసేపూ నాకు భయం వేయలేదు. ఆ నవ్వు ఆపుకోవడానికే సరిపోయింది. కదలొద్దని నువ్వు మైకులో రెండుసార్లు అన్నావు, అది అందుకే.

మెదడులో గడ్డలు, గాయాలు ఏమీ లేవన్నారు కదా. "మెదడంటూ ఉన్నట్టు రుజువైంది, అదే పదివేలు" అంది మీ అక్క. మీ ఆసుపత్రి నరాల డాక్టరమ్మ ఆ ఫోటోలన్నీ పక్కన పెట్టి నన్ను వరండాలో అటూ ఇటూ నడిపించింది, వేళ్ళు ఆడించమంది, చెయ్యి మడిచి చాపి చూసింది. పార్కిన్సన్ అంది. "నా చెయ్యి వణకడం లేదుగా" అన్నాను. వణకకుండా బిగుసుకుపోవడంతో కూడా మొదలవుతుందంది. పూర్తిగా పోదట. మందులతో, వ్యాయామంతో చాలాకాలం నడిపించొచ్చట. ముందే వచ్చారు, మంచిదైందంది. ఎలా కనుక్కున్నారని అడిగితే నువ్వు నేల చూపులు చూశావు. మీ అక్కే చెప్పింది, ఈయన చేతిమీద వాచీ ఆగిపోయిందని. డాక్టరమ్మ నవ్వలేదు. వాచీ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఆ గాజు మూతలోంచి బిళ్ళని చూసింది, పాపం దాన్ని చూసినవాళ్ళు ఇన్నాళ్ళకి దొరికారు. "ఎంత?" అని అడిగింది. నువ్వు చెప్పావు. అప్పుడు నవ్వింది.

ధైర్యంగానే ఉన్నానని నీతో అన్నాను. లేను. ఆ జబ్బు పేరు ఒక్కడినే ఉన్నప్పుడు పైకి అని చూసుకుంటున్నాను. బోర్డు మీద రాయాల్సి వస్తే ఎన్ని అక్షరాలు పడుతుందని లెక్క వేశాను. అది నా అలవాటు, ఏం చెయ్యను.

వాచీ పొరపాటున నా చేతికే ఉండిపోయింది. పార్సిల్ చేయనా?

బావ


సెప్టెంబరు 6

బావా,

వాచీ పంపకు.

జబ్బు నేను కనిపెట్టానని అక్క అందరికీ చెప్తోందట, వద్దని చెప్పు. నేను కనిపెట్టిందేముంది, నిన్ను అబద్ధాలకోరు అన్నాను. రోజూ ఎంతమంది తలల లోపలికి తొంగి చూస్తానో, కుడిచేతి గుండీ అక్క పెడుతోందని నువ్వు రాస్తే అందులో నాకు కనపడింది నీ గారాబమే. అక్క చేతిమీద నడిచి నీ చేతిమీద ఆగిందని చదివాక గానీ బుర్ర వెలగలేదు. అది కూడా నెమ్మదిగా వెలిగింది.

రాసి చెప్పడం చేతకాక రమ్మన్నాను. ఉద్యోగం పోయిందనుకుని మీరు అంత దూరం పరుగెత్తుకొచ్చారని ఇప్పుడు చదివి, నీ చెల్లెమ్మకి కూడా పైకి చదివి వినిపించాను. నిచ్చెన పట్టుకునే ఉద్యోగం ఖాళీగానే ఉంచు. ఇక్కడి పరిస్థితి చూస్తే అవసరం పడొచ్చు.

మాత్రలు వేళకి వేసుకో. వేళ చూసుకోవడానికి నీ ప్లాస్టిక్ వాచీ వాడు, నాది నమ్మకు.

నీ బామ్మర్ది


అక్టోబరు 25

ఒరేయ్ బామ్మర్దీ,

ఆశీస్సులు.

గోడ పూర్తయింది. కర్ర మానేశాను. అక్షరాల వరస కింద పొడుగ్గా ఒక చెక్కపట్టీ కొట్టించుకుని దానిమీద చెయ్యి ఆనించి రాశాను. నిచ్చెన బదులు వెడల్పాటి మంచె కట్టించాను. కింద మీ అక్క నిలబడి తిడుతూనే ఉంది, అది లేకపోతే నాకు పని సాగదు. "గ్రంథాలయం"లో రెండు సున్నాలుంటాయి కదా, మా పనిలో సున్నా గుండ్రంగా తిప్పడమే కష్టం. మొదటిది కోడిగుడ్డులా వచ్చింది. చివరిది కుదిరింది. మొదటిది కావాలనే అలా వేసినట్టు అందరికీ చెప్తున్నాను. లోపలి గదుల పేర్లు కూడా నన్నే రాయమన్నారు. ఎన్నాళ్ళు రాయగలనో తెలీదు. ఉన్న గదులు మాత్రం రాసేస్తాను.

డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ చేతులు ఊపుతూ నడుస్తున్నాను. అప్పుడే కవాతు నేర్చుకున్నవాడిలా ఉన్నానని మీ అక్క. వీధిలో ఒకాయన తనకి సలాం కొట్టాననుకుని తిరిగి కొట్టాడు. నీ వాచీ ఎడమ చేతికే ఉంది. మందులు మొదలుపెట్టాక కూడా రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా మనసు పాడైపోయేది, ఊపి మళ్ళీ నడిపించేవాణ్ణి. ఈ నెల ఇంతవరకూ ఆగలేదు. పొద్దున లేవగానే దాన్నే చూస్తాను. అందులో ఎంతయిందో ఇప్పటికీ నాకు పట్టదు. నడుస్తోందా లేదా అనే చూస్తాను. నడుస్తుంటే లేచి మొహం కడుక్కుంటాను.

ఇక నువ్వు మొదట్లో అడిగినదానికి జవాబు. అది ఖరీదుకు తగిన వాచీయేనా? కాదు. నా ప్లాస్టిక్ ముక్క పక్కన పెట్టి చూశాను, నీది వెనకబడుతోంది. బరువు. గీత పడుతుందేమోనని గోడ దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. నువ్వడిగిన బోర్డు నేను రాయను. దుకాణాలవాళ్ళకి అబద్ధపు బోర్డులు చాలా రాశాను, ఇంట్లోవాళ్ళకి రాయలేను.

కానీ వాచీ తిరిగివ్వను. స్కూటరుకి డబ్బు నువ్వే ఎక్కడైనా చూసుకో.

పందెం ఎవరు గెలిచారో నాకు అర్థం కావడం లేదు, మీ అక్క తనే గెలిచానంటోంది. ఫోనులో మాట్లాడనన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఆదివారం పొద్దున ఫోను చెయ్యి. కాసేపు మోగినా విసుక్కుని పెట్టేయకు. ఎడమ చేత్తో ఎత్తుతాను.

బావ